సంతోషానికి ఎన్‌వోసీ తీసుకున్నారా?

మా అపార్ట్‌మెంట్‌లో 48 ఫ్లాట్లు. నేను సంఘం కార్యదర్శిని. లిఫ్టు, బోరు మోటారు, కుక్కలు, కుక్కల యజమానులు, ఇన్నిటి బరువు మోస్తున్నవాణ్ని. మా దగ్గర ప్రతిదానికీ ఒక రూలుంది. రూలు లేకుండా మిగిలిపోయింది సంతోషం ఒక్కటే. అది ఎవరికి పడితే వాళ్లకి, మెట్ల మీదా గేటు దగ్గరా, ముందస్తు నోటీసు లేకుండా కలిగిపోతోంది. ఆఖరికి మెయింటెనెన్స్ బకాయి ఉన్నవాళ్లకి కూడా. బాధ్యత గల పౌరుడిగా ఇక ఊరుకోలేక కలం పట్టాను.

సంతోషం కావాలనుకునేవాళ్లకి సక్రమమైన మార్గాలు లేకపోలేదు. మల్టీప్లెక్సు ఉంది. వారాంతపు ధ్యాన శిబిరం ఉంది, అక్కడ డబ్బు కట్టించుకున్నాక కళ్లు మూసుకోమంటారు. రెండు చోట్లా రశీదు ఇస్తారు. రశీదు లేని ఆనందం మీదే నా అభ్యంతరమంతా.

ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి మా వాచ్‌మన్ భార్య తెల్లారకముందే లేచి గేటు ముందు కళ్లాపి చల్లి ముగ్గు పెడుతోంది. ఓ రోజు టేపూ పుస్తకమూ పట్టుకుని విచారణకు దిగాను.

"ఏమ్మా, ఎన్ని చుక్కలు ఇది?"

"పదిహేను చుక్కలు సార్, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క" అంది తలెత్తకుండా.

ఇంజినీరింగ్ చదివినవాణ్ని కాబట్టి ఫోన్‌లో కాల్‌క్యులేటర్ తీశాను. నడి వరసలో 15. అక్కడి నుంచి పైకీ కిందకీ వరసకొకటి తగ్గుతూ 14 నుంచి 8 దాకా, ఒక్కో వైపు 77. మొత్తం 169 చుక్కలు. నా లెక్క తేలేసరికి ఆమె చుక్కలన్నీ కలిపేసి తామరల రేకులు దిద్దుతోంది. చేతిలో స్కేలు లేదు, ప్లాను లేదు, ఆర్కిటెక్టు సంతకం లేదు. రెండు వేళ్ల సందులోంచి పిండి జారుతోంది, గీత వంకర పోవడం లేదు. పర్మిషన్ ఉన్న కట్టడాలే వంకరగా లేచే ఊళ్లో ఇది అనుమానించాల్సిన విషయమా కాదా?

దీనివల్ల జరుగుతున్న నష్టం చూడండి. ఉదయం ఆఫీసుకు బయల్దేరిన కార్లు గేటు దగ్గర తటపటాయిస్తున్నాయి. స్పీడ్ బ్రేకర్‌ను కూడా లెక్కచేయని మూడో అంతస్తు పెద్దమనిషి ముగ్గు చూసి బ్రేకు వేశాడు. దిగి, చుట్టూ తిరిగి చూసి, ఫొటో తీసుకుని, ఒక చక్రం గట్టు మీదికెక్కించి పక్కనుంచి పోయాడు. ఎనిమిది నిమిషాలు వృథా. పోనీ ఆ ఆస్తి నిలుస్తుందా అంటే, మధ్యాహ్నానికి పాలవాడి బండీ స్కూల్ ఆటోలూ తిరిగి తుడిచిపెట్టుకుపోతుంది. పూట తిరక్కుండా విలువ మొత్తం గాలికి పోయే ఆస్తి మీద ఏ బ్యాంకూ అప్పివ్వదు. ఆమెకు ఆ దిగులే లేదు. మర్నాడు ఇంకో ముగ్గు.

ముగ్గు సంగతి తేలకముందే హరిదాసు వచ్చాడు. నెత్తిన అక్షయపాత్ర, చేతిలో చిడతలు, మెడలో దండ. మా గేటు దగ్గర ట్యాబ్‌లో డెలివరీ, క్యాబ్, అతిథి, పనిమనిషి అని నాలుగు గళ్లున్నాయి. హరిదాసు ఏ గడిలోనూ పట్టలేదు. ఏ ఫ్లాటుకని అడిగితే ఆయన హరినామం పాడుకుంటూ నిలబడ్డాడు తప్ప నంబరు చెప్పలేదు. ఇంతలో పిల్లలు గిన్నెల్లో బియ్యం పట్టుకుని లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీంచి పరిగెత్తుకొచ్చారు. ఆయన పాత్ర దించలేదు, తనే కిందికి వంగాడు. పిల్లలు బియ్యం పోశారు. గంగిరెద్దుల వాళ్లు నయం, కొందరు ఎద్దు నుదుటికి క్యూఆర్ కోడ్ కట్టారు, కనీసం లావాదేవీకి ఆధారం ఉంటుంది.

ఈ పోకడకు మూలపురుషుణ్ని వెతుకుతూ పోతే త్యాగరాజస్వామి దొరికాడు. రాజుగారు పిలిచి ఇస్తానన్న కానుకలు వద్దని, తిరువయ్యారు వీధుల్లో పాడుకుంటూ ఉంఛవృత్తితో, అంటే ఇంటింటా వేసిన బియ్యంతో, బతికిన మనిషి. 1847లో ఆయన పోయారు, అలవాటు మాత్రం పోలేదు. ఏటా పుష్య బహుళ పంచమి నాడు ఆరాధనలో ఆ వీధుల్లోనే ఉంఛవృత్తి బయల్దేరుతుంది. ఆ తర్వాత ఆయన పంచరత్న కీర్తనలు. వందల మంది గాయకులు వరసల్లో కూర్చుని ఒకే కీర్తన ఒకేసారి పాడతారు. ఒకరు పాడితే సరిపోయే పనికి అంతమందా? తమిళదేశంలో తెలుగు మాటలు అన్ని గొంతుల్లో వినిపిస్తుంటే టీవీ ముందు కూర్చున్న మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. స్వామి ఇప్పుడు మా గేటు ముందుకొస్తే ఓటీపీ అడుగుతాం. ఆయన దగ్గర ఫోన్ ఉండదు. వెనక్కి పంపేస్తాం. రూలంటే రూలే.

గోడ సంగతి నా స్వయంకృతం. మా ప్రహరీ పక్కన బండ్లు పెడుతున్నారని ఒక పెయింటర్‌ను పిలిచాను. ఫ్లెక్సీలు రాకముందు సినిమా బ్యానర్లు రాసిన చెయ్యి అట. "ఇచ్చట వాహనములు నిలుపరాదు" అని రాయమన్నాను. రాశాడు. అక్షరాలకు నీలం నీడ పెట్టాడు. "దు" కొమ్ము కాస్త సాగదీసి, దాని మీద ఒక చిలకను కూర్చోబెట్టాడు. చిలక ముక్కులో జామకాయ. నేను చిలక చెప్పలేదన్నాను. "చిలకకు డబ్బులొద్దు సార్, ఖాళీ ఉంటే చెయ్యి ఊరుకోలేదు" అన్నాడు. ఫలితం ఏమిటంటే, ఇప్పుడు చిలకను చూడ్డానికి జనం అక్కడ బండ్లు ఆపుతున్నారు. హైదరాబాదులోనే ఖైరతాబాద్ దగ్గర మక్తా బస్తీలో ఇళ్ల గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. వాటిని చూడ్డానికి పనిగట్టుకుని బయటి జనం ఆ సందుల్లోకి వెళ్లారు. ఒక్క చిలకకే మా పార్కింగ్ ఇలా అయితే, ఆ సందుల గతి ఏమిటో నేను ఊహించదలచుకోలేదు.

నాటకం మీద నాకున్న అభిప్రాయం ఇంట్లో అందరికీ తెలుసు. అయినా బలవంతంగా సురభి వాళ్ల మాయాబజార్‌కు తీసుకెళ్లారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టి, తోలుబొమ్మలు ఆడించిన కుటుంబం తామే వేషాలు కట్టి, తరతరాలుగా అదే పని చేస్తోందట. తాత దర్జీ, తండ్రి లైట్లు, కూతురు శశిరేఖ అన్నట్టు ఇంటిల్లిపాదీ ఒకే సంస్థలో పనిచేయడం, నన్నడిగితే, ఆడిట్‌లో నిలవదు. ఘటోత్కచుడు నోరు తెరిచాడు. లడ్లు వాటంతటవే లేచి నోట్లోకి ప్రయాణం కట్టాయి. తీగ ఉంటుంది, ఉండి తీరాలి. దాన్ని పట్టుకోవాలని కళ్లద్దాలు తుడిచి ముందుకు వంగాను. మూడు లడ్లు పోయేదాకా తీగ కనపడలేదు. నాలుగో లడ్డుకి కనిపించింది. అప్పటికే నేను చప్పట్లు కొడుతున్నాను. హాల్లో ఏసీ ఎక్కువగా ఉండి చేతులు చల్లబడ్డాయి, అందుకు.

పద్యనాటకాలు ఇంకా ప్రమాదకరం. నటుడు పద్యం ఎత్తుకుని చివర రాగం తీస్తాడు. ముందు వరసలోంచి ఎవరో "వన్స్ మోర్" అంటారు. యుద్ధం రేపనగా, రాయబారానికి వచ్చిన కృష్ణుడు మళ్లీ మొదటి పాదం నుంచి అందుకుంటాడు. ఈలపాట రఘురామయ్య గారైతే ఈల మీద పద్యం పాడి జనాన్ని ఊపేసేవారు. ఆయనకు 1975లో పద్మశ్రీ ఇచ్చారు. మా బేస్‌మెంట్‌లో ఈల వేస్తే వంద రూపాయల జరిమానా. ఏ ప్రభుత్వం ఏ పనిని ప్రోత్సహించిందో పాఠకులే గ్రహించాలి.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని కమిటీ మీటింగ్ పెట్టి, సంతోష నియంత్రణకు ఏడు నిబంధనల ముసాయిదా చదివాను. ఐదో నిబంధన చదువుతుండగా నా గొంతులో రాగం దొర్లిందని కోశాధికారి ఆరోపించాడు. వీధిలో తిరిగే ఉల్లిగడ్డల ఆటో మైకు వరస అట. రోజుకు నాలుగుసార్లు వినపడేదాన్ని ఎవరు మాత్రం ఆపగలరు? మీటింగ్ నవ్వుల మధ్య వాయిదా పడింది. నవ్వులకు తీర్మానం లేదు.

కనుమ తెల్లవారుజామున మళ్లీ తనిఖీకి దిగాను. రథం ముగ్గు. వాచ్‌మన్ భార్య రథానికి తాడు గీసి, ఆ తాడును మా గేటు దాటించి పక్క అపార్ట్‌మెంట్ ముగ్గులోకి కలపబోతోంది. పక్కవాళ్లతో మాకు డ్రైనేజీ పైపు తగాదా నడుస్తోంది. అటునుంచి వాళ్ల కార్యదర్శి కూడా టేపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. హద్దు ఎంత దాటిందో కొలుద్దామని ఇద్దరం వంగాం.

"సార్, కాస్త పట్టుకోండి. పొయ్యి మీద పాలున్నాయి" అని ఆమె పిండి చిప్ప నా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

మూడడుగుల తాడు మిగిలింది. నేనే గీశాను. వంకర పోయింది. ఆ సంగతి మినిట్స్‌లో రాయలేదు.