సర్వే గారూ, మా ముగ్గుపిండి బాకీ

మహారాజశ్రీ గ్రామావసరాల సర్వే గారి సముఖమునకు, పాత పాలమూరు జిల్లాలోని ఒక ఊరి నుంచి, తమకు అనేక పర్యాయాలు సమాధానాలు చెప్పుకున్న ఒక కుటుంబం వారి విన్నపం.

నిన్న మీరు మళ్ళీ దయచేశారు. ఉదయం పదింటికల్లా పంచాయతీ ముందు హాజరు కావాలని ముందురోజు రాత్రి డప్పు వేయించారు కనుక, పత్తి ఏరే కూలి వదులుకొని వచ్చి, వేపచెట్టు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చున్నాము. మీ జీపు మూడున్నరకు వచ్చింది. దిగిన అబ్బాయి మంచివాడే; ఆలస్యమైందని నొచ్చుకున్నాడు కూడా. ఆ తర్వాత అతడు అడిగిన మొదటి మాట: "అమ్మా, కొంచెం ముగ్గుపిండి ఉంటే ఇస్తారా?"

అయ్యా, ఆ ముగ్గుపిండి కోసమే ఈ లేఖ.

ఊరి పటాన్ని నేలమీద ముగ్గుతో వేయించి, ఊరివాళ్ళచేతనే కష్టాలు చెప్పించే విద్య మీకు 1995 తర్వాత, వాననీటిని ఊళ్ళోనే నిలిపే వాటర్‌షెడ్ పథకాల కాలంలో అబ్బింది. ఆ రోజుల్లోనే ఒకనాడు మా అమ్మ సంక్రాంతికి దాచుకున్న డబ్బా తెచ్చి మీకిచ్చింది. ఇళ్ళు, చెరువు, వాగు, వాగుకు అవతల మా వాడ, అన్నీ ఆమెచేతనే గీయించారు. పిమ్మట మా ఇంటివే ఇరవై చింతగింజలు ఆమె చేతిలో పోసి, ఏ కష్టం పెద్దదో దాని దగ్గర ఎక్కువ పెట్టమన్నారు. ఆమె మూడు గింజలు బోరుకు వదిలి, పదిహేడూ వాగు మీద కల్వర్టు ఉండవలసిన చోట కుప్పపోసింది. ఎందుకంటే వాగు వస్తే మా పిల్లలు బడికి పోలేరు, మా శవం శ్మశానానికి పోలేదు. మీరు ఫొటో తీసుకొని వెళ్ళారు. చింతగింజలు కూడా తిరిగి ఇవ్వలేదు.

అప్పటినుంచి మీ పేర్లు మారాయి గాని ప్రశ్న మారలేదు. 1973-74 నాటికే మేము కరువు పీడిత ప్రాంతం. 2007లో వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి వచ్చినప్పుడు దేశంలోని 250 జిల్లాల జాబితాలో మేమూ ఉన్నాము, నల్లగొండవారూ ఉన్నారు. 2015లో కేంద్రం ఆ నిధినే ఆపివేసింది. (నల్లగొండవారి అదృష్టం ఇంకొంచెం ఎక్కువ: పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి వారి జిల్లా పేరే పెట్టారు. ఆ పేరు ఆఫ్రికా దాకా పోయింది. వంగిన ఎముకలు మాత్రం ఊళ్ళోనే ఉండిపోయాయి.) 2023లో వెనుకబాటు పోగొట్టేందుకని కేంద్రం ఎంచుకున్న 500 ఆకాంక్షిత బ్లాకులలో మా వైపు గట్టు, అమ్రాబాదు చేరాయి. అంటే మేము వెనుకబడటం మానుకొని ఆకాంక్షించడం మొదలుపెట్టామన్నమాట. ఇక 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా ఒక్కరోజులో జరిపిన సమగ్ర కుటుంబ సర్వేకు మా పెద్దన్న పుణె నుంచి రెండింతల ఛార్జీ పెట్టుకొని వచ్చి, ఇంట్లో కూర్చొని లెక్కకు అంది, మర్నాడే తిరిగి బస్సెక్కాడు. వలసపోయినవాడు ఊళ్ళోనే ఉన్నట్లు మీకు రుజువు దొరికింది.

నిన్నటి సంగతికి వస్తాను. మా అమ్మ ఇప్పుడు వంగలేదు. చేతికర్రతో చూపిస్తూ ఉంటే ఆ అబ్బాయి గీశాడు. చింతగింజలు ఇవ్వగానే ఈసారి ఆమె బోరును కూడా తలచలేదు. ఇరవైకి ఇరవై వాగు మీదే పెట్టించింది. అతడు ఇబ్బందిపడ్డాడు. ఫారంలో విద్య, ఆరోగ్యం, వ్యవసాయం, నైపుణ్యాభివృద్ధి అని గళ్ళు ఉన్నాయట, అన్నీ ఒకే గడిలో పెడితే తీసుకోదట. అందుకని అతడే నెమ్మదిగా కొన్ని గింజలు ఇటు, కొన్ని అటు సర్ది, వాగు మీద రెండు మిగిల్చి, ఫొటో తీశాడు. తర్వాత జీపు వెనక్కి తిప్పుకొనేటప్పుడు ముందు చెరువు, ఆ వెంట మా వాడ చక్రాల కింద పడ్డాయి.

మాకేం కావాలో తెలియకనా మీరు ఇన్నిసార్లు వస్తున్నారు? మీకు తెలుసు. ముప్పై ఏళ్ళ కిందటి ఫొటోలో ఉంది. ఆ పదిహేడు గింజలు ఎవరి కళ్ళకైనా కనబడతాయి. అడగడం ఉన్నంతకాలం చేయడం వాయిదా వేయవచ్చుననే కదా మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు! ఒక్కసారైనా మీరు మా వాడలో సభ పెట్టలేదు. వాగు దాటి జీపు రాదని మీరే అన్నారు. ఆ ఒక్క మాట ఫారంలో రాసుకొని ఉంటే మా అమ్మకు ఇన్ని చింతగింజల ఖర్చు తప్పేది.

మీరు మళ్ళీ వస్తారని మాకు తెలుసు. ఈసారి ముగ్గుపిండి మీరే తెచ్చుకోండి. చింతగింజలకు మాత్రం వెతుక్కోనక్కర లేదు. నిన్న మీరు వెళ్ళాక టైరు జాడలో ఏరిన పద్నాలుగు గింజలను అమ్మ కడిగి, ఖాళీ అయిన ముగ్గుడబ్బాలో వేసి అటక మీద పెట్టింది.

ఇట్లు,
వాగు అవతలి వాడ నుంచి
మీ పాత సమాధానం