సైలెన్సర్ కుదరకపోతే తప్పు పైపుదేనా?

కారు సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడింది. కంపెనీ పైపు ధర వినగానే గుండె గుభేలుమంటుంది. బయట దొరికే పైపు తెచ్చి బిగించమంటాం. పాత బండికి అది సబబే. కానీ నెల తిరక్కుండానే కింద టకటక చప్పుడు మొదలైతే నెపమంతా ఆ పైపు మీదకే నెట్టేస్తాం. చాలాసార్లు అసలు దోషం బిగించడంలోని తొందరదే అంటాను నేను.

బయటి పైపుల్లో వంపు కాస్త తేడాగా రావడం మామూలే. ముందు ఫ్లాంజ్ (పైపులను బోల్టులతో కలిపే పళ్లెం లాంటి అంచు) దగ్గర ఒక్క డిగ్రీ పక్కకు పోతే చాలు, 3 మీటర్ల అవతల బంపర్ దగ్గర అది 5 సెంటీమీటర్లవుతుంది. అందుకే బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి వదులుగా ఉంచాలి. పైపు మొత్తాన్ని కారు కింద పైపును మోసే రబ్బర్లకు వేలాడదీసి, యాక్సిల్‌కీ ట్యాంకుకీ తగలకుండా సర్దుకోవాలి. ఆ తర్వాతే ఇంజిన్ వైపు నుంచి వెనక్కి ఒక్కో జాయింటూ బిగించుకుంటూ రావాలి. హడావుడిలో ఏం జరుగుతుందంటే, మొదటి జాయింట్ గట్టిగా బిగించేస్తారు. చివర కుదరకపోతే జాక్ పెట్టి పైకి నెట్టి, రబ్బరు సాగదీసి కొక్కేనికి తగిలిస్తారు. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది.

అయితే పైపు వేడెక్కితే సాగుతుంది. 3 మీటర్ల మామూలు ఉక్కు పైపు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 11 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే దాదాపు 16. దీనికి తోడు ఇంజిన్ ఊగుడు. ఇదంతా రబ్బర్లు, ఫ్లెక్స్ పైపే (మధ్యలో వంగే మెత్తటి ముక్క) భరించాలి. ముందే బిర్రుగా లాగి కట్టేస్తే ఎలా భరిస్తాయి? జాయింట్ల మధ్య వేసే ప్యాకింగ్ పోతుంది, వెల్డింగ్ చీలుతుంది. పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకైతే బయటి గాలి లోపలికి చేరి, పెట్రోల్ తక్కువైందనుకుని కారు కంప్యూటర్ ఇంకాస్త పోయిస్తుంది. అలా మైలేజీ పడిపోతే, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు కడిగించి డబ్బు తగలేసుకునేవాళ్లు ఎందరో. ఇక ఫ్లోర్ కూడా తుప్పు పట్టి ఉంటే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పిల్లలు కూర్చున్న క్యాబిన్‌లోకే వస్తుంది.

బయటి పైపు ధర మారు మాట్లాడకుండా ఇచ్చే మనమే కూలి దగ్గర వందకీ రెండొందలకీ బేరమాడతాం. తీరిగ్గా చేయాల్సిన పనిని గబగబా ముగిస్తే తప్ప మెకానిక్‌కు గిట్టదు. ఆ కూలి అడిగినంత ఇచ్చి, కొత్త రబ్బర్లు, కొత్త ప్యాకింగ్ వేయమనండి. ఇంజిన్ వేడెక్కి చల్లారాక బోల్టులు ఇంకోసారి బిగించమనండి. డబ్బు చేతిలో పెట్టేముందు ఒకసారి వంగి చూడండి, ఏ రబ్బరైనా పక్కకు లాగినట్టుంటే అక్కడే మళ్లీ వదులు చేయించండి.