నూరేళ్లు నిండేదాకా ఆగాలా?

విశాఖలో కోస్టల్ బ్యాటరీ అంటే తెలియనివారు లేరు. సముద్రం మీది ఓడలకు గురిపెట్టిన ఫిరంగుల స్థావరం పేరే ఆ ప్రాంతానికి స్థిరపడింది. పేరు నిలిచింది, చరిత్రను మాత్రం గాలికి వదిలేశారు.

1942 ఏప్రిల్ 5న కొలంబోపై దాడి జరిగింది. మర్నాడే ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖ, కాకినాడలపై బాంబులు కురిపించాయి. రెండో ప్రపంచయుద్ధం తెలుగువారి గడప తొక్కిన రోజది. సైనికులు లోపల దాగి శత్రువుపై కాల్పులు జరిపేందుకు కట్టిన నాటి పిల్‌బాక్సులు విశాఖ తీరంలో నేటికీ కనిపిస్తాయి. మందపాటి కాంక్రీటు గోడ, తుపాకి గొట్టం బయటపెట్టేందుకు అడ్డంగా సన్నని కంత, లోపల ఇసుక. ఏటా కోతకు గురయ్యే ఆ తీరంలో అవి ఎన్నాళ్లుంటాయి?

రక్షణ శాఖ స్థలాల్లోకి అందరినీ అనుమతించలేమన్న మాట సబబే. కానీ ఇసుకలో ఒరిగిన పిల్‌బాక్సుకు ఏ రహస్యం అడ్డం? ఇక మిగిలింది వయసు. కేంద్రం 1958లో చేసిన ప్రాచీన కట్టడాల చట్టం కనీసం నూరేళ్లు నిండాలంటోంది. అంటే 1942 నాటి గోడ 2042 దాకా దిక్కులేకుండా పడి ఉండాలి. అదే బీచ్‌రోడ్డులో కురుసుర జలాంతర్గామిని విధుల నుంచి తప్పించిన మర్నాటి ఏడే, 2002లో, మ్యూజియం చేశారు. మంచి పనే. దానికి అడ్డురాని వయసు దీనికెందుకు అడ్డొచ్చింది? టిక్కెట్టు పెట్టి చూపగలిగిందే చరిత్రా?

మొదటి ప్రపంచయుద్ధంలో, 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ఎండెన్ మద్రాసుపై గుళ్లు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టింది. ఆ దాడి గుర్తుగా హైకోర్టు ప్రహరీకి ఫలకం పెట్టారు. ఒక్క ఫలకానికి ఎంత ఖర్చవుతుంది? దాని కోసం నూరేళ్లు ఆగాలా?

వయసు నిబంధన అడ్డమైతే రాష్ట్రానికి సొంత చట్టముంది, సవరించడానికి శాసనసభ ఉంది. వెలగపూడి సచివాలయం ముందుగా చేయాల్సింది మిగిలిన ప్రతి నిర్మాణాన్నీ కొలిపించి, ఫొటోలు తీయించి, నౌకాదళంతో కలిసి జాబితా కట్టించడం. అందుకు ఏ సవరణా అక్కర్లేదు. నౌకాదళ ఉత్సవాల్లో ముందు వరుస కుర్చీల కోసం పోటీపడే నాయకులు, ఆ కుర్చీలకు కూతవేటు దూరంలో కూలుతున్న గోడ ఎవరి బాధ్యతో ఈ వర్షాకాలం రాకముందే తేల్చాలి.