సవరణ: అమెజాన్ కాకపోవడం ఒక్కటే చాలదు

ఈ-పుస్తకాలు చదువుకోవడానికి అమెజాన్ అమ్మే పరికరం ‘కిండిల్ బదులు, దానికి పోటీ అయిన కోబో కొనుక్కోవచ్చు’ అని మొన్న రాసినదానికి ఈ వివరణ జోడిస్తున్నాను. అది పరికరం గురించి చెప్పిన మాట. కోబో నీతిగల కంపెనీ అని కితాబివ్వడం కాదు.

అమెజాన్ మీద కోపానికి కారణాలున్నాయి. 2009లో, పాఠకులు డబ్బిచ్చి కొన్న ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ నవలలను వాళ్ల కిండిల్‌ల నుంచే చెరిపేసింది. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీతో ఎక్కించుకునే వీలు కూడా తీసేసింది.

అయితే కోబో కెనడాలో పుట్టినా 2012 నుంచి జపాన్‌కు చెందిన రాకుటెన్ చేతిలో ఉంది. ప్రచురణకర్త వద్దంటే తప్ప అక్కడి పుస్తకాలకూ డీఆర్ఎం తాళమే, అంటే నకలు తీయకుండా, వేరేచోట చదవకుండా అడ్డుకునే ఏర్పాటు. ఆపిల్ సంగతి మరీ ఘోరం: ఈ-బుక్‌ల అమ్మకంలో అమెజాన్‌కు పోటీగా వచ్చి, పెద్ద ప్రచురణకర్తలతో కుమ్మక్కై ధరలు పెంచిందని 2013లో అమెరికా కోర్టు తేల్చింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ దుకాణం మూసేస్తూ డబ్బు వాపసిచ్చింది. పుస్తకాలు మాత్రం పోయాయి.

అమెజాన్ కాకపోవడం ఒక్కటే సుగుణమంటే నేను ఒప్పుకోను. దుకాణం మూతపడ్డా నేను కొన్న పుస్తకం నా దగ్గర ఉంటుందా? నైతికత గురించి మాట్లాడే ఏ కంపెనీ అయినా ముందు దీనికి జవాబు చెప్పాలి. కొన్ని మోడళ్లను ఇంట్లోనే విప్పి బాగుచేసుకునేలా 2024లో తెచ్చినందుకు కోబోను మెచ్చుకుంటాను, అంతవరకే.