తకధిమిలో ‘మి’ ఏది తమ్మీ?

మహారాజశ్రీ ఎడమ చెయ్యి గారి దివ్య సముఖమునకు కుడి చెయ్యి వ్రాయునది. నమస్కారం పెడదామంటే దానికీ తమరు కలిసి రావాలి, కాబట్టి అది బాకీ. ఉభయకుశలోపరి అని కూడా రాయలేను. నిన్నటి రిహార్సల్ రికార్డింగు విన్నాక ఉభయుల్లో ఒకరికే కుశలమని తేలింది.

గంటల లెక్కన అద్దె కట్టిన జామ్ రూమ్. డ్రమ్స్ మీద, నిమిషానికి 92 బీట్ల వేగంతో డబుల్ స్ట్రోక్ రోల్. కుడి కుడి, ఎడమ ఎడమ. బీట్‌కి నాలుగు దెబ్బలు, అందులో తమరి వాటా రెండు. ఫోన్‌లో వింటే మూడే ఉన్నాయి. తకధి, తకధి, తకధి. ‘మి’ మాయం. బేస్ గిటార్ అబ్బాయి వెనక్కి తిరిగి చూసింది మాత్రం నా వైపు.

వినాయక చవితి పందిట్లో వాయించాల్సిన వాళ్ళం. తమరి రెండో దెబ్బ గురించి నాలుగు ముక్కలు విన్నవించుకోక తప్పదు.

మొదటి దెబ్బ మణికట్టుతో శుభ్రంగా వేస్తారు. రెండోదాన్ని రబ్బరు ప్యాడ్ దయకు వదిలేస్తారు. పుల్ల తనంతట తాను ఎగిరి మళ్ళీ పడితే అదే దెబ్బ అని తమరి ఉద్దేశం. అలా పడినదానికి ఎత్తుండదు, బలముండదు. పైగా లయకు టిక్ టిక్ కొట్టే మెట్రోనోమ్ మాట వినదు, వేగం తక్కువైతే ముందే పడిపోతుంది. 60 మీద రెండు దెబ్బలూ మణికట్టుతోనే విడివిడిగా వేయాలి. 140 దాటాక రీబౌండే, అంటే పుల్ల తనంతట ఎగిరే ఊపే మోస్తుంది, వేళ్ళు కాస్త అదిలిస్తే చాలు. చిక్కంతా నడుమ, సుమారు 90 నుంచి 120 దాకా. అక్కడ మణికట్టు అలిసిపోతుంది, రీబౌండ్ ఇంకా అందదు. మొదటి దెబ్బకు వేళ్ళు వదులు చేసి, రెండో దెబ్బకు చివరి మూడు వేళ్ళూ ముడిచి పుల్ల వెనక కొసను అరచేతిలోకి లాగాలి. ‘మి’ పుట్టేది ఆ లాగుడులోనే.

మరి తమరి మూడు వేళ్ళు ఏం వెలగబెడుతున్నాయి? చిటికెన వేలు ఇరానీ చాయ్ కప్పు పట్టుకున్నట్టు బయటికి నిక్కి ఉంటుంది. ఉంగరపు వేలు పుల్లను తాకనే తాకదు. భారమంతా బొటనవేలు, చూపుడువేలు మోయాలి. పుల్ల జారిపోతుందని అవి భయపడి నొక్కేస్తాయి. నొక్కిన పుల్ల ఎగరదు, ఎగరని పుల్లకు రెండో దెబ్బ లేదు. చూపుడువేలి పక్కన లేచిన బొబ్బను సాధన గుర్తని చూపించుకు తిరుగుతున్నారట. అది నొక్కుడు గుర్తు. 16 అంగుళాల 5ఏ సైజు పుల్లను వెనక కొస నుంచి అయిదు, అయిదున్నర అంగుళాల దగ్గర పడితే అదే ఊగుతుంది. తమరు ఇంకా వెనక్కి జారి తోక పట్టుకున్నారు.

అద్దం ముందు నిలబెట్టి చూస్తే ఇంకో ఘనకార్యం. నేను 8 అంగుళాల ఎత్తు నుంచి దిగుతుంటే తమరు నాలుగుతో సరిపెట్టారు. ఎత్తు సగమైతే మోత కూడా పడిపోతుంది, ఇక రోల్ నున్నగా ఎలా వినపడుతుంది?

దారిలో ఎదురైన వాళ్ళకూ తలా ఒకటి. ఎడం చేత్తో పళ్ళు తోముకుంటే రోల్ వచ్చేస్తుందని చెప్పే యూట్యూబ్ గురువులకు ఒక మనవి: బ్రష్షుకు రీబౌండ్ లేదు. నెల రోజుల్లో డ్రమ్స్ అని బోర్డు కట్టినవాళ్ళు ఏ నెలో చెప్పరు. ప్యాడ్ అట్టపెట్టె మీద నిశ్శబ్దం అని రాసినవాళ్ళను కింది ఫ్లాట్ ఆంటీ వెతుకుతోంది. ఇక మెట్రోనోమ్ యాప్, సరిగ్గా తొంభయ్యో సెకనుకు లోన్ కావాలా అని అడుగుతుంది.

తమరి విషయానికే వస్తే, మనకొక ఒప్పందం ఉంది. ఒక్కో చేతికి ఎనిమిదేసి దెబ్బలు, ఆ తర్వాత తిరగేసిన డబుల్స్: ఎడమ కుడి కుడి ఎడమ, మళ్ళీ ఎడమ కుడి కుడి ఎడమ. అలా వాయిస్తే క్లిక్ పడే చోట తమరి రెండో దెబ్బే ఉంటుంది, దాక్కోవడానికి సందు దొరకదు. 60తో మొదలు. రెండు నిమిషాలు ఒక్క తప్పు లేకుండా పోతేనే 4 పెంచాలి, చెడితే 8 దిగాలి. అన్నిటికీ చిత్తం అన్నారు. 72 దాకా బుద్ధిమంతులే. 92 అనేసరికి పరారు.

ఏందిరా తమ్మీ, మర్యాదిస్తే నెత్తికెక్కుతున్నవ్? దిండు మీద అయిదు నిమిషాలు కొట్టమంటే రెండు నిమిషాలకే మోచెయ్యి లేపుతున్నవ్. దిండుకు ఎగురుడు ఉండదు, ప్రతి దెబ్బకు పుల్లను నువ్వే లేపాలె, అందుకే గదా దాని మీద కొట్టమన్నది! మోచెయ్యి లేసిందంటే మణికట్టు పని ఎగ్గొట్టినట్టే. ముంజెయ్యి బిగిస్తే ఆగు, ఊపుకో, మళ్ళ మొదలుపెట్టు. మణికట్టుల సలిపిందా, ఆ పూటకు బంద్. గింత సీదా ముచ్చట నీకెందుకు సమజ్ అయితలేదు? అందరి ముందట ఇజ్జత్ తీసినవ్ గదరా!

డెఫ్ లెపర్డ్ రాక్ బ్యాండ్ డ్రమ్మర్ రిక్ అలెన్‌కు 1984 డిసెంబర్ 31 నాడు కారు ప్రమాదంల ఎడమ చెయ్యి పోయింది, అయినా అదే బ్యాండ్‌ల వాయించిండు అని నిన్ను బెదిరిద్దామనుకున్న. కానీ నీ పని నడిపించనీకి ఆయన ఎడమ కాలి కింద ఎలక్ట్రానిక్ పెడల్స్ పెట్టుకోవాల్సి వచ్చింది. గందుకే ఆ బెదిరింపు వాపస్.

ఇంకో లెక్క కూడా ఉంది, చెప్పక తప్పదు. 100 మీద నాలుగు నిమిషాల పాటంటే, నాలుగు బీట్లకొక బార్ లెక్కన 100 బార్లు. హై-హాట్ అనే జంట తాళాల మీద బార్‌కు ఎనిమిది చొప్పున నాకు 800 దెబ్బలు, స్నేర్ డ్రమ్ము మీద రెండో బీట్, నాలుగో బీట్ పట్టుకుని నీకు 200. అన్నం కాడ నిన్ను పక్కకు పెడ్తరు, బిర్యానీ అంతా నాదే. పైసలు నువ్వు ఇయ్యబోతే దుకాణంల సేటు మొకం మాడుస్తడు. ప్రసాదానికి చాపితే పంతులు కసురుతడు. పుట్టినకాడి నుంచి పనంతా నాకిచ్చి, రోల్ కాడికి వచ్చేసరికి ఇద్దరూ సమానం గావాలంటే యాడికెళ్ళి వస్తది?

స్నేర్ మీద అంగుళం ఎత్తు నుంచి నువ్వు ఏసే వినీ వినపడని దెబ్బలు, గోస్ట్ నోట్స్ మాత్రం నా తరం కాదు. బోనాల డప్పుల కూడా అంతే. సిర్ర పట్టుకుని దబదబ బాదేది నేను, నీ చేతిల సన్నటి సిటికెన పుల్ల. అది లేకుంటే నా బాదుడు ఒట్టి చప్పుడే.

సరే, రేపు పొద్దుగాల దిండు కాడికి రా. ఎడమ కుడి కుడి ఎడమ, 60. నిన్ను 8 అంగుళాలకు గుంజుడు తర్వాత సంగతి, ముందుగాల నేనే నాలుగుకు దిగుత. చిటికెన వేలు లోపల పెట్టు.

ఇట్లు,
మీ అన్న,
కుడి చెయ్యి

తా.క.: వచ్చేటప్పుడు ఆ వాచీ ఇప్పి రా. మణికట్టుకు అడ్డం. టైం తప్పేటోనికి వాచీ ఎందుకురా అసలు?