మురుగుకు నోరివ్వకండి

నెల్లూరు పరువు ప్రమాదంలో పడింది. కారణం దోమలు కాదు, వాటితో మనకు ఎప్పుడో రాజీ కుదిరింది. మురుగునీటిని సీసాలో పట్టుకెళ్లి, ఊరు ఏయే మందులు మింగుతోందో చెప్పేసే విద్య ఒకటి వచ్చింది. అది పెన్నా ఒడ్డుకు రాకుండా అడ్డుకోవడం పెద్దమనుషులందరి బాధ్యత.

ఇటలీ వాళ్ల గతి చూడండి. 2005లో అక్కడి శాస్త్రవేత్తలు పో నదిలో నీళ్లు ముంచి, లెక్కకట్టి, రోజుకు సుమారు 4 కిలోల కొకైన్ వాడకం ఉందని తేల్చారు. పోలీసులొచ్చారని ఎవరో కంగారులో దొడ్లో పారబోసి ఉంటారులే అని సర్దిచెప్పుకోవడానికీ లేదు. వాళ్లు వెతికింది కొకైన్ ఒంట్లో అరిగాక మూత్రంలో వచ్చే బెంజాయిల్ఎక్‌గొనిన్‌ను. లీటరు నీళ్లలో నానోగ్రాములు, అంటే గ్రాములో వంద కోట్లో వంతులు, ఉన్నా ఆ యంత్రాలు పసిగడతాయి. మా వీధిలో ఒకరిద్దరు పిన్నమ్మలకు తప్ప ఇంత చూపు ఎవరికీ లేదు.

మనకు కొకైన్ టెన్షన్ లేదనే అనుకుందాం. నా భయమంతా మెట్‌ఫార్మిన్ గురించి. ఈ షుగర్ బిళ్లను ఒళ్లు అరిగించుకోదు, మింగింది చాలావరకు మింగినట్టే మూత్రంలో పోతుంది. 104 దేశాల్లో 258 నదులను పరీక్షించి 2022లో ప్రకటించిన అధ్యయనంలో, ఎక్కువ చోట్ల కనబడ్డ మూడింటిలో ఇదొకటి. ఇక పెళ్లిచూపుల్లో ‘‘మా వంశంలోనే షుగర్ లేదండీ’’ అంటూ మూడో మలై కాజా అందుకునే పెదనాన్న సంగతేం కావాలి? ఆయన మాట మగపెళ్లివారు నమ్ముతారు. కాలువ నమ్మదు.

పేరు బయటపడదులెండి, ఊరి మొత్తం లెక్కే వస్తుంది అని చదువుకున్నవాళ్లు ఓదారుస్తున్నారు. నీళ్లలో మందు ఎంతుందో చూసి, రోజుకు పారే మురుగుతో హెచ్చవేసి, జనాభాతో భాగిస్తారట. ఇక్కడే నాకు కాస్త ధైర్యం వచ్చింది. మా వీధి కాలువ పారితే కదా! అది మామూలు రోజుల్లో నిలబడి ఉంటుంది, వానొస్తే పార్టీ భేదం లేకుండా అందరిళ్లలోకీ వస్తుంది. దీన్ని తవ్వించినవారి ముందుచూపు ఇప్పుడు అర్థమైంది.

పాపం, రొయ్యకే ఈ అదృష్టం లేదు. ఇందుకూరుపేట వైపు గుంటలో పెరిగిన రొయ్య ఓడెక్కాలంటే క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లనే యాంటీబయాటిక్ల జాడ లేదని పరీక్ష నెగ్గాలి. దొరికిందా, కంటైనర్ వెనక్కే. మనం ఎగుమతి సరుకు కాదు కాబట్టి జలుబుకు యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకుని, రెండు వేసుకుని, ముక్కు తెరుచుకోగానే మిగతావి సింకులో వేస్తాం. అడిగేవాడు లేడు.

ఇందులో నా స్వార్థమేమీ లేదు. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి నేను పట్టుకున్నది ఆరోగ్య రొట్టె. ఇంట్లో మాత్రం ఉద్యోగం రొట్టె అని చెప్పాను. చెరువు ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.