ఇంటర్వెల్ తర్వాత ఏం జరిగిందో ఒక్కరూ రాయరేంటి?

2024 మార్చిలో రాజమౌళి గారు జపాన్‌లో తకరజుక అనే ఆడవాళ్ల నాటక కంపెనీ స్టేజీ మీద వేసిన ఆర్ఆర్ఆర్ చూసినప్పుడు మన టైమ్‌లైన్లన్నీ దాంతోనే నిండిపోయాయి, అమ్మాయే భీమ్ అంట, అమ్మాయే రామరాజు అంట, స్టేజీ మీద నాటు నాటు అంట అని. నాక్కూడా భలే సంతోషమేసింది. కానీ అన్ని పోస్టుల్లో ఒక్కరంటే ఒక్కరు ఇంటర్వెల్ తర్వాత ఏం జరిగిందో రాయలేదు. అదే టికెట్ మీద ఇంకో షో ఉందండీ! వయొలెటోపియా దాని పేరు, దాదాపు గంటసేపు, అదే ట్రూప్, భీమ్ వేసిన ఆవిడే మళ్లీ మెయిన్, కానీ ఆర్ఆర్ఆర్‌తో దానికి ఏ సంబంధమూ లేదు, శిథిలమైపోయిన ఒక పాత థియేటర్ చుట్టూ అల్లిన పాటలూ డ్యాన్సులూ. నన్నడిగితే తకరజుక అంటే అసలు అదే.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఒసాకా దగ్గర తకరజుక అనే ఊరు, అక్కడికి రైలు నడిపే హంక్యూ కంపెనీ పెద్దాయన కొబయాషి ఇచిజో రైలెక్కి జనం రావాలని ఆడపిల్లలతో ఒక ట్రూప్ పెట్టాడు, 1914లో మొదటి ప్రదర్శన, ఇప్పటికీ అందరూ ఆడవాళ్లే, మగ పాత్రలూ వాళ్లే. ఫ్లవర్, మూన్, స్నో, స్టార్, కాస్మోస్ అని ఐదు ట్రూపులు. మామూలుగా అయితే ముందు గంటన్నర నాటకం, అరగంట బ్రేక్, తర్వాత యాభై ఐదు నిమిషాల దాకా రెవ్యూ, అంటే కథతో పని లేకుండా పాటలూ డ్యాన్సులతో నడిచే షో. ఈ రెవ్యూని జపాన్‌కి తెచ్చింది కూడా వీళ్లే, 1927లో మోన్ పారి అనే షోతో.

ఇప్పుడు నాటకం సంగతి. నేను దాన్ని తక్కువ చెయ్యట్లేదు. కానీ మూడు గంటల ఆర్ఆర్ఆర్‌ని గంటన్నరలో చెప్పాలంటే ఏం చెయ్యాలి? భీమ్ వైపు నుంచి చెప్పారు, తెలివైన పనే, ఇంకో దారి కూడా లేదు. అయినా ఆ తొందర ఆ ఒక్క నాటకానిది కాదు, ఫస్టాఫ్‌లో వచ్చే నాటకాల్లో చాలావాటికి ఇదే జబ్బు. స్టేజీ మీద డెబ్బై మంది దాకా ఉంటారు, అందరికీ ఏదో ఒక వేషం ఇవ్వాలి, టాప్ స్టార్‌కీ, అంటే ఆ ట్రూప్‌లో మెయిన్ హీరో వేషాలు వేసే ఆవిడకీ, ఆమె జోడీకీ ప్రేమకథ ఉండాలి, రెండో హీరోకి ఒక మంచి పాట ఉండాలి, వీటన్నిటికీ చోటిచ్చాక కథ ఊపిరి తీసుకోడానికి టైమేదీ? ప్రేమ రెండు సీన్లలో పుడుతుంది, ద్రోహం ఒక డైలాగులో తేలిపోతుంది. మంచి రైటర్ చేతిలో పడితే అద్భుతంగా ఉంటుంది, కాదనను, కానీ ప్రతిసారీ అలా పడదు కదా.

రెవ్యూకి ఈ గొడవే లేదు. ఓపెనింగ్‌లోనే లైట్లన్నీ ఒక్కసారి వెలుగుతాయి, మొత్తం ట్రూప్ మీ ముందుంటుంది. ఆర్కెస్ట్రాకీ జనానికీ మధ్య ఒక సన్న వంతెన ఉంటుంది, సిల్వర్ బ్రిడ్జ్ అంటారు, దాని మీదకి స్టార్లు వచ్చి ముందు వరసల వాళ్ల కళ్లలోకి చూసి పాడతారు. నాటకంలో వెనకాల సైనికుడిగా నిలబడి "చిత్తం" అని ఒక్క మాట అన్న అమ్మాయి ఇక్కడ మూడో లైన్లో ఎలా నవ్వుతుందో, టోపీ అంచు ఎలా పట్టుకుంటుందో మీకు కనపడుతుంది, ఆ ఒక్క నవ్వుకే ఆమెకి ఫ్యాన్ అయిపోయినవాళ్లు బోలెడుమంది. ఒక ట్రూప్‌లో ఎవరెవరున్నారో తెలిసేది ఇక్కడే. అలాంటిది, జూనియర్లకి ప్రత్యేకంగా ఇచ్చే ఒక్కరోజు ప్రదర్శనలో మాత్రం మామూలుగా నాటకమే వేయిస్తారు, రెవ్యూ ఉండదు. ఇది నాకు అస్సలు నచ్చని విషయం. రెవ్యూ చివర్లో వచ్చే ఆ పెద్ద మెట్లు దిగడం కూడా పరీక్షే కదా!

ఆ మెట్ల గురించి చెప్పాల్సిందే. ఇరవై ఆరు మెట్లు, ఒక్కో మెట్టు ఇరవై మూడు సెంటీమీటర్ల వెడల్పు, అంటే పాదం నిండా ఆనదు. నల్ల టెయిల్‌కోట్లలో మగవేషాల వాళ్లంతా ఆ మెట్ల నిండా నిలబడి ఒకే లెక్కలో భుజం తిప్పి దిగుతుంటే ఒక్కరి చూపు కూడా కిందికి పోదు. చివరి పరేడ్‌లో వీపున కేజీలకొద్దీ ఈకల రెక్కలు కట్టుకుని, చేతిలో రిబ్బన్ల అలంకారం పట్టుకుని, జూనియర్లు ముందు, టాప్ స్టార్ అందరికంటే చివర, పాడుతూ దిగుతారు. అవే మెట్లు, అవే ఈకలు, ప్రతి షో ఒకేలా ఉంటుంది కదా అంటారు కొందరు. కూచిపూడిలో తరంగం వస్తుందనీ పళ్లెం అంచుల మీద నిలబడతారనీ తెలిసే కదా కూర్చుంటాం, ఈవిడ ఎలా నిలబడుతుందో చూద్దామని. ఇదీ అంతే.

ఇంకోటి, ఫస్టాఫ్‌లో హీరో చచ్చిపోయే కథలు తకరజుకలో కోకొల్లలు. ఏడ్చి ఏడ్చి బ్రేక్‌కి బయటికొస్తాం, మళ్లీ లోపలికెళితే ఆ హీరోనే తళతళలాడే కోటులో, ఆ హీరోయిన్‌తోనే, మాటల్లేకుండా డ్యుయెట్ డ్యాన్స్. ఇందాక ఆ కథలో కలవలేకపోయిన ఇద్దరూ ఇక్కడ చెయ్యీ చెయ్యీ పట్టుకుని తిరుగుతుంటే గుండెలో ఉన్న బరువంతా దిగిపోతుంది. నాటకం లేకపోతే ఆ డ్యాన్సుకి అంత బలం ఉండదు, నిజమే, ఒప్పుకుంటా. అందుకే రెండూ ఉండాలంటున్నా, ఈ వరసలోనే ఉండాలంటున్నా.

అందుకే ఒకే కథతో పూట మొత్తం నడిపే పెద్ద షోలంటే నాకు కొంచెం బాధ. వర్సాయ్ గులాబీ 1974 నుంచీ ఆడుతోంది, ఎలిజబెత్ 1996 నుంచీ, రెండూ గొప్పవే, టికెట్లు దొరకవు. కానీ వాటిల్లో రెవ్యూ అంటే చివర్లో తగిలించిన చిన్న ఫినాలే మాత్రమే. ఎలిజబెత్ పాటలు నాకు ప్రాణం, అయినా అది అయిపోయాక ఇంకో నలభై నిమిషాలు వీళ్లని వీళ్లలాగే చూస్తే బావుండేదనిపిస్తుంది ప్రతిసారీ.

ఎవరైనా మొదటిసారి చూడాలనుకుంటే రెండు భాగాలున్న షోకే బుక్ చేసుకోండి. ముందు వరస సీట్లు దొరకలేదని దిగులొద్దు, రెవ్యూకి పైఅంతస్తు మధ్యలో సీటే బావుంటుంది, మెట్లూ లైన్లూ ఫార్మేషన్లూ మొత్తం అక్కడినుంచే కనిపిస్తాయి. బ్రేక్‌లోనే తినడం కానిచ్చేసి తొందరగా వచ్చి కూర్చోండి.